మాయ పంపే ముందస్తు కబురు

"అక్కా, రెండువేల ఆరువందల నలభై వచ్చిందే! చాలా ఎక్కువ కదూ?"

హైదరాబాదు నుంచి ఫోనులో మా చెల్లి గొంతు వణికిపోతోంది. పెళ్లయిన తొమ్మిదేళ్లకి, ముప్ఫై నాలుగో ఏట నిలిచిన తొలిచూలు. ముప్ఫై ఒకటో వారం నడుస్తోంది. ఆ పొద్దున మామూలుగా చూపించుకోవడానికి వెళ్తే బి.పి. 146/94 ఉందట. నాలుగు గంటలు అక్కడే కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 144/92. మూత్రంలో ప్రొటీను ఉందీ లేదన్నట్టుగా జాడ. ముఖం ఉబ్బింది, వేలి ఉంగరం రావడంలేదు. "ఒక రక్తపరీక్ష రాస్తున్నాను. అది చూశాక నిన్ను ఆస్పత్రిలో చేర్చుకోవాలో, ఇంటికి పంపాలో చెబుతాను" అన్నారట డాక్టరుగారు. ఇదిగో, ఈ రెండువేల చిల్లర ఆ రిపోర్టులోదే.

నేనేమో రాజమండ్రిలో, పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను. బి.ఎస్సీ. చదివానన్న మాటేగానీ, పెళ్లయ్యాక నేను కొలిచినవి బియ్యమూ, పప్పూ, పిల్లల జ్వరమూను. రిపోర్టులో ఉన్న పేరు కూడా నోరు తిరగలేదు. ఎస్‌ఫ్లిట్-1 అట!

"ఏమంటోందే?" అని పక్కనుంచి అమ్మ. బి.పి. అన్న మాట చెవిన పడగానే గుమ్మంలోనే కూలబడింది.

ఎందుకో నాకు తెలుసు. అమ్మకి ఒక అక్క ఉండేది. మేం చూడని పెద్దమ్మ. 1975లో, కోనసీమలో ఓ లంక ఊళ్లో, పంతొమ్మిదేళ్లకి తొలికానుపుకని పుట్టింటికొచ్చింది. కాళ్లకి నీరు పట్టింది. "కానుపు దగ్గర పడితే మామూలేలే" అన్నారు. తలనొప్పి అంది. శొంఠి పట్టు వేశారు. కళ్లు మసకలంది. ఆ రాత్రే మూర్ఛలు మొదలయ్యాయి. గాలి సోకిందని ఒకరు, దిష్టి అని ఒకరు. తెల్లారి పడవ మీద గోదావరి పాయ దాటిస్తుండగానే ప్రాణం పోయింది, కడుపులో బిడ్డతో సహా. అప్పుడు అమ్మకి పన్నెండేళ్లు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

పాతకాలంవాళ్లు గుర్రపువాతం అనేది దీన్నే. ఇంగ్లీషు వైద్యంలో ఎక్లాంప్సియా. మూర్ఛల దాకా రాకముందు దశ ప్రీ ఎక్లాంప్సియా. ఇరవై వారాలు నిండాక బి.పి. 140/90 గానీ, అంతకుమించి గానీ ఉండటం, దాంతోబాటు మూత్రంలో ప్రొటీను పోవడమో, లివరు, కిడ్నీలు, మెదడు, ప్లేట్‌లెట్లు దెబ్బతినడమో కనిపిస్తే ఆ పేరు పెడతారు. ప్రపంచం మొత్తం మీద గర్భిణుల్లో నూటికి ఇద్దరి నుంచి ఎనిమిది మంది వరకు ఈ జబ్బు వస్తుందని అంచనా. మా చెల్లికి వచ్చిందా, రాబోతోందా, లేక ఉత్త బి.పి.యేనా? ఆ సందేహం తీర్చుకోవడానికే డాక్టరుగారు ఆ పరీక్ష రాశారు.

మర్నాడే రైలెక్కి హైదరాబాదు వెళ్లాను. ఆ పదిహేను రోజుల్లో ఈ పరీక్ష గురించి డాక్టరుగారిని అడిగీ, పుస్తకాలు తిరగేసీ, ఒక రోజంతా ప్రయోగశాలలో నిలబడి కళ్లారా చూసీ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఎవరికీ దొరకని విషం

ఈ జబ్బుకి మూలం మాయలోనే ఉందని డాక్టర్లకు ఏనాడో అర్థమైంది. కానుపై మాయ బయటపడితేనే జబ్బు తగ్గుముఖం పడుతుంది. ముత్యాల గర్భం అంటారు చూడండి, దాంట్లో చాలాసార్లు బిడ్డే ఉండదు, మాయ మాత్రమే గుత్తులుగా పెరుగుతుంది. అలాంటివాళ్లకి కూడా ఈ జబ్బు వస్తుంది! అంటే బిడ్డ చేసేది కాదన్నమాట. మాయ ఏదో విషాన్ని తల్లి రక్తంలోకి వదులుతోందన్న అనుమానంతోనే వెనకటికి దీన్ని టాక్సీమియా అనేవారు. పెద్దవాళ్లకి ఆ మాట గుర్తుండే ఉంటుంది. కానీ ఆ విషం ఏమిటో ఎన్ని దశాబ్దాలైనా ఎవరికీ దొరకలేదు.

2003లో అమెరికాలోని బోస్టన్‌లో భారతీయ మూలాలున్న డాక్టరు అనంత్ కరుమంచి, షారన్ మేనార్డ్, వాళ్ల సహచరులు ఒక గట్టి ఆధారం పట్టుకున్నారు. జబ్బు చేసినవాళ్ల మాయనీ, చేయనివాళ్ల మాయనీ పోల్చి చూస్తే, జబ్బున్న మాయలో ఒక ప్రొటీను విపరీతంగా తయారవుతోంది. అదే మా చెల్లి రిపోర్టులోని ఎస్‌ఫ్లిట్-1. చిత్రమేమిటంటే అది అసలు విషం కాదు. మన ఒంట్లో మామూలుగా ఉండేదే.

మన శరీరంలోని కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లు మోసే ప్రొటీన్లలో ఒక పెద్ద కుటుంబాన్ని సైటోకైన్లు అంటారు. కబురు వస్తే సరిపోదు కదా, అందుకోవడానికి ఇంటి గుమ్మానికి ఉత్తరాల డబ్బా ఉండాలి. కణం గోడ మీద ఉండే ఆ డబ్బాని రిసెప్టరు అంటారు. తెలుగులో గ్రాహకం. రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండటానికి వి.ఇ.జి.ఎఫ్. అనే కబురు నిరంతరం అందుతూ ఉండాలి. దాన్ని అందుకునే డబ్బాల్లో ఒకదాని పేరు ఫ్లిట్-1.

ఇప్పుడు ఒక వీధి ఊహించుకోండి. గుమ్మానికి బిగించని ఉత్తరాల డబ్బాలు వీధి పొడుగునా తిరుగుతూ, పోస్ట్‌మాన్ తెచ్చిన ఉత్తరాలన్నీ మధ్యలోనే మింగేస్తున్నాయనుకోండి. ఇళ్లలోవాళ్లకి ఉత్తరమే అందదు. కణం గోడకి పట్టుకునే తోక లేకుండా తయారై, రక్తంలో స్వేచ్ఛగా తిరిగే ఫ్లిట్-1 కూడా ఇదే పని చేస్తుంది. పేరు ముందున్న 'ఎస్' కి అర్థం కరిగి తిరిగేదని. అది వి.ఇ.జి.ఎఫ్.నీ, మాయ తయారుచేసే మరో మంచి ప్రొటీను పి.ఎల్.జి.ఎఫ్.నీ కూడా పట్టేసుకుంటుంది. కబురందక రక్తనాళాలు బిగుసుకుపోతాయి. బి.పి. పెరుగుతుంది. కిడ్నీలోని సన్నటి జల్లెడ పాడై ప్రొటీను మూత్రంలోకి కారిపోతుంది.

బోస్టన్ బృందం ఈ ప్రొటీను ఎక్కువ తయారయ్యేలా చేస్తే చూలు ఎలుకలకి బి.పి. వచ్చింది, మూత్రంలో ప్రొటీను పోయింది, కిడ్నీలు అచ్చం ఈ జబ్బులోలాగే మారాయి. కాన్సరులో వి.ఇ.జి.ఎఫ్.ని అడ్డుకునే మందులు వాడినవాళ్లకి కూడా బి.పి., మూత్రంలో ప్రొటీను రావడం అప్పటికే డాక్టర్లు చూసి ఉన్నారు. లెక్క కుదిరింది. 2004లో వచ్చిన మరో పరిశోధనలో, జబ్బు బయటపడటానికి సుమారు అయిదు వారాల ముందు నుంచే తల్లి రక్తంలో ఎస్‌ఫ్లిట్-1 పెరగడం మొదలవుతుందని తేలింది.

అయిదు వారాలు! బి.పి. మిషనుకి అంతుపట్టకముందే మాయ కబురు పంపుతోందన్నమాట. మరి ఆ కబురు చదవడం ఎలా?

గడ్డివాములో సూది

మా పక్కింటివాళ్ల అమ్మాయి హైదరాబాదులోనే జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. చెల్లి సంగతి చెబితే, "పిన్నీ, నేను రోజూ కొలిచేది అదే ప్రొటీను. ఆస్పత్రుల్లో పెద్ద యంత్రం చేస్తుంది, మేం చేత్తో చేస్తాం. చూస్తావా?" అంది. ఎగిరి గంతేసి వెళ్లాను.

"ఒక మిల్లీలీటరు రక్తరసంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను దాదాపు ముప్ఫై మిల్లీగ్రాములు ఉంటుంది. మీ చెల్లి ఎస్‌ఫ్లిట్ లెక్క పీకోగ్రాముల్లో. ఒక గ్రాములో లక్ష కోట్లవ వంతు ఒక పీకోగ్రాము" అంది. నేను కాగితం మీద భాగించి చూసుకున్నాను. ఒక్క ఆల్బుమినే మనం వెతికేదానికి కోటి రెట్లు పైమాట! మిగతా వందలాది ప్రొటీన్ల సంగతి సరేసరి. అంత గుంపులోంచి ఆ ఒక్కదాన్నీ ఎలా పట్టుకుంటారు?

రెండు చేతులతో. దానికే శాండ్‌విచ్ పద్ధతి అని పేరు.

ఇందులో చేతులంటే యాంటీబాడీలు. ఏ యాంటీబాడీ అయినా తనకి సరిపోయే ఆకారాన్నే పట్టుకుంటుంది, మిగతావాటి జోలికి పోదు. ఎస్‌ఫ్లిట్-1కి ఒక చోట అతుక్కునే యాంటీబాడీ ఒకటి, వేరే చోట అతుక్కునేది ఇంకొకటి తయారుచేస్తారు. మొదటిది కింద కూర్చుని ప్రొటీన్ని పట్టి ఆపుతుంది. రెండోది పైనుంచి వచ్చి దాన్ని గుర్తిస్తుంది. మధ్యలో ఇరుక్కున్నదే మన సరుకు. అటొక బ్రెడ్డు ముక్క, ఇటొక బ్రెడ్డు ముక్క.

"ఒక్క యాంటీబాడీ చాలదా?" అని అడిగాను.

"పెళ్లి సంబంధానికి ఒక్కచోటే వాకబు చేసి ఊరుకుంటారా పిన్నీ?" అని నవ్వింది. నిజమే. దారినపోయే వేరే ప్రొటీను ఒక చేతికి పొరపాటున అంటుకున్నా, రెండో చేతికి కూడా అంటుకోవడం అరుదు. ఇద్దరూ ఔనన్నదే లెక్కకి వస్తుంది.

చూసింది చూసినట్టు చెబుతాను. అరచేయంత ప్లాస్టిక్ పళ్లెం. దాంట్లో వరసకి పన్నెండు చొప్పున ఎనిమిది వరసల్లో తొంభై ఆరు చిన్న గుంటలు. మన గుంతపొంగణాల పెనం బొమ్మల కొలువుకి సరిపడా చేసినట్టుంది! ప్రతి గుంట అడుగునా మొదటి యాంటీబాడీని ముందే అంటించి ఉంచుతారు. ఖాళీ మిగిలిన చోట ఏది పడితే అది అంటుకోకుండా పనికిరాని మరో ప్రొటీనుతో పూత పూస్తారు. కొందరు పాలలోని ప్రొటీన్నే వాడతారట.

అందులో రక్తరసం చుక్క వేసింది. రెండు గంటలు కదపకుండా ఉంచింది. తర్వాత కడగడం. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ప్రతిసారీ పళ్లెం బోర్లించి మెత్తటి కాగితం మీద టపటపా కొట్టి ఒక్క బొట్టు మిగలకుండా దులిపింది. "అందరూ ఖరీదైన యంత్రం గురించి అడుగుతారు గానీ, లెక్క తప్పేది ఎక్కువగా ఈ కడుగుడు దగ్గరే" అంది. సరిగ్గా కడక్కపోతే అంటుకోనివి కూడా మిగిలిపోయి, లేని ప్రొటీను ఉన్నట్టు చూపిస్తుంది. అంట్లు తోమే విద్యకి సైన్సులో ఇంత విలువుందని మా ఇంట్లో మగవాళ్లకి చెప్పాలి!

తర్వాత రెండో యాంటీబాడీ. దీని తోకకి ఒక ఎంజైము కట్టి ఉంటుంది. అది ఎక్కడి నుంచి తీస్తారనుకున్నారు? ఆవాలు, ముల్లంగి కుటుంబానికే చెందిన హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరు నుంచి. మళ్లీ రెండు గంటలు, మళ్లీ నాలుగు కడుగుళ్లు. ఆఖరున రంగు లేని ఒక ద్రావణం పోసి, వెలుతురు తగలకుండా అరగంట ఉంచింది. మూత తీస్తే... కొన్ని గుంటలు లేత నీలం, కొన్ని ముదురు నీలం, కొన్ని ఉత్త నీళ్లు. ఎస్‌ఫ్లిట్ ఎంత ఎక్కువ చిక్కితే ఎంజైము అంత ఎక్కువ నిలుస్తుంది, రంగు అంత చిక్కబడుతుంది. చివర్లో యాసిడ్ చుక్క వేయగానే నీలమంతా పసుపైపోయింది. దాన్ని యంత్రంలో పెడితే ఏ గుంటలో రంగు ఎంతో చెప్పింది.

అయితే రంగు ఎంతో తెలిస్తే ప్రొటీను ఎంతో తెలిసినట్టు కాదు. అందుకే ముందు వరసల్లో తెలిసిన కొలత ద్రావణాలు పోసింది. ఒకటి చిక్కగా, తర్వాతది అందులో సగం, ఆ తర్వాతది ఆ సగంలో సగం. మజ్జిగ పలచన చేసుకుంటూ పోయినట్టు. ఆ రంగులతో గీత గీసుకుని, తెలియని చుక్క ఆ గీత మీద ఎక్కడ కూర్చుంటుందో చూస్తారు. ప్రతి నమూనా రెండేసి గుంటల్లో వేసింది. రెండూ పొంతన లేకుండా వస్తే ఆ లెక్క పారేసి మళ్లీ చేయాల్సిందే.

పొద్దున పదకొండుకి మొదలుపెడితే సాయంత్రం అయిదైంది. ఆస్పత్రి యంత్రాలు ఇదే శాండ్‌విచ్‌ని అయస్కాంతపు పూసల మీద కట్టి, రంగుకి బదులు వెలుగుని కొలిచి, పద్దెనిమిది నిమిషాల్లో తేల్చేస్తున్నాయి.

ఇదంతా మనకి కొత్త అనుకోకండి. మీలో చాలామంది మీ బాత్రూములోనే ఈ పరీక్ష చేసి ఉంటారు! నెల తప్పినప్పుడు మూడు చుక్కలు వేసి, రెండో గీత కోసం ఊపిరి బిగబట్టి చూసే ఆ స్ట్రిప్పు కూడా శాండ్‌విచ్చే. గర్భం నిలిస్తే వచ్చే హెచ్.సి.జి. హార్మోను రెండు యాంటీబాడీల మధ్య చిక్కుకుంటేనే ఆ గీత పడుతుంది. అది ఉందా లేదా అనే చెబుతుంది, ఇది ఎంత ఉందో చెబుతుంది.

ఇక్కడ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. రక్తంలోని అతి సూక్ష్మమైన హార్మోన్లని యాంటీబాడీలతో కొలవొచ్చని 1959-60లో న్యూయార్క్‌లో సాలమన్ బెర్సన్‌తో కలిసి చూపించింది రోజలిన్ యాలో. అప్పట్లో గుర్తుకోసం రేడియోధార్మిక పదార్థం వాడేవారు. ఆ పద్ధతికి వాళ్లు పేటెంటు తీసుకోలేదు. 1977లో ఆమెకి నోబెల్ వచ్చింది. వైద్యంలో ఆ బహుమతి అందుకున్న రెండో మహిళ ఆమె. ఆ రేడియోధార్మిక గొడవ లేకుండా ఎంజైముతో రంగు తెప్పించే పద్ధతిని 1971లో స్వీడన్‌లో పీటర్ పెర్ల్‌మన్‌తో కలిసి ప్రకటించింది ఎవా ఎంగ్వాల్. మనం ఎలిసా టెస్టు అని నోరారా పిలిచే పేరు వాళ్ల పత్రంలోదే. అదే ఏడాది హాలెండులో మరో బృందం కూడా విడిగా ఇలాంటి పద్ధతినే కనిపెట్టింది.

ఒంటరి అంకెని చూసి బెదరొద్దు

ఇక రెండువేల ఆరువందల నలభై సంగతి. డాక్టరుగారు ఆ అంకెని చూడనే లేదట! కింద ఇంకో అంకె ఉంది. పి.ఎల్.జి.ఎఫ్. 142. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 18.6. ఆమె చూసింది దాన్ని.

ఎస్‌ఫ్లిట్-1 నెలలు నిండేకొద్దీ అందరిలోనూ కొంత పెరుగుతుంది. జబ్బులో అది అతిగా పెరిగి, మంచిదైన పి.ఎల్.జి.ఎఫ్. పడిపోతుంది. అందుకే రెంటి నిష్పత్తి చూస్తారు. 2016లో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. జబ్బేమోనన్న అనుమానం ఉన్న సుమారు వెయ్యి మంది గర్భిణుల్ని 14 దేశాల్లో పరిశీలించారు. నిష్పత్తి 38 గానీ, అంతకు తక్కువ గానీ ఉన్నవాళ్లలో 99.3 శాతం మందికి ఆ తర్వాతి వారం రోజుల్లో జబ్బు రాలేదు. అంటే ఈ పరీక్ష గట్టిగా చెప్పగలిగేది 'ఈ వారం భయం లేదు' అన్న మాట.

రెండో వైపు అంత గట్టిది కాదు. 38 దాటినవాళ్లలో నాలుగు వారాల లోపు జబ్బు వచ్చింది నూటికి ముప్ఫై ఏడుగురికే. ఇది చదివాక నాకు ఊపిరి వచ్చింది. అంకె ఎక్కువొచ్చిందంటే తీర్పు ఇచ్చేసినట్టు కాదు, కళ్లు ఇంకా పెద్దవి చేసుకుని కనిపెట్టి ఉండమని. దీన్ని చూసి ఏ డాక్టరూ వెంటనే కానుపు చేసేయకూడదు, చేయరు కూడా. బి.పి., తల్లి లక్షణాలు, బిడ్డ ఎదుగుదల, వారాలు అన్నీ చూసే నిర్ణయం. అమెరికాలో 2023 మే నెలలో ప్రభుత్వ అనుమతి పొందిన పరీక్షలో హద్దు 40. అది వేరే యంత్రం. అక్కడ అడిగే ప్రశ్న కూడా వేరు. బి.పి.తో ఆస్పత్రిలో చేరిన గర్భిణికి రెండు వారాల్లో జబ్బు ముదురుతుందా అని. కాబట్టి ఒక ల్యాబు అంకెని ఇంకో ల్యాబు అంకెతో పోల్చుకుని కంగారు పడకండి. రెండోసారి చేయించాల్సివస్తే అదే ల్యాబులో చేయించడం మేలు.

ఇంకో ముఖ్యమైన సంగతి. రక్తం తీసే ముందు ల్యాబులో అమ్మాయి మా చెల్లిని, "జుట్టుకి మాత్రలేమైనా వాడుతున్నారా?" అని అడిగిందట. జుట్టు రాలుతోందని ఎవరో స్నేహితురాలు చెబితే బయోటిన్ మాత్రలు వేసుకుంటోంది మా తల్లి! డాక్టరుకి చెప్పలేదు. "విటమినే కదా" అట. కొన్ని యంత్రాల్లో శాండ్‌విచ్‌ని పూసలకి కట్టిపెట్టేది ఈ బయోటినే. రక్తంలో అది అతిగా ఉంటే పూసల మీద చోటు అదే ఆక్రమించుకుంటుంది, శాండ్‌విచ్ నిలవదు, ప్రొటీను ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. మనకి రోజుకి కావలసిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. ఆ మాత్రల్లో ఉండేది అయిదువేలో, పదివేలో! 2017లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. ఆ తర్వాత చాలా కంపెనీలు పద్ధతులు మార్చుకున్నాయి. అయినా థైరాయిడ్ పరీక్షకి వెళ్లినా, గుండె పరీక్షకి వెళ్లినా, ఇలాంటి మాత్రలు వేసుకుంటుంటే ముందుగా చెప్పండి. అదృష్టం కొద్దీ చెల్లి అంతకుముందు నాలుగు రోజులుగా అవి అయిపోయి కొనుక్కోలేదట.

పదిహేను రోజుల తర్వాత

18.6 చూసి డాక్టరుగారు చెల్లిని ఇంటికి పంపారు. బి.పి.కి మాత్రలు, రోజుకి రెండుసార్లు ఇంట్లోనే చూసుకుని పుస్తకంలో రాయడం, రెండు రోజులకోసారి మూత్రపరీక్ష. ఇవి తప్పితే వెంటనే రమ్మన్నారు అంటూ మరిది ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అతికించాడు. తగ్గని తలనొప్పి. కళ్ల ముందు మిణుగురులు, మసకలు. కుడి పక్కటెముకల కింద నొప్పి. హఠాత్తుగా ముఖం, చేతులు ఉబ్బడం. ఆయాసం. బిడ్డ కదలికలు తగ్గడం. అవన్నీ చదివి అమ్మ, "ఇవే. మా అక్క కూడా ఇవే చెప్పింది" అని లోపలికి వెళ్లిపోయింది.

ముప్ఫై మూడో వారంలో బి.పి. 150 దాటింది. మళ్లీ అదే పరీక్ష. ఎస్‌ఫ్లిట్ 5,980, పి.ఎల్.జి.ఎఫ్. 92. భాగిస్తే 65. ఈసారి ఇంటికి పంపలేదు. ఆస్పత్రిలో చేర్చుకుని, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చారు. పసిబిడ్డల ఐ.సి.యు.లో ముందే మాట్లాడి పెట్టారు. హడావుడిగా కోసేయలేదు. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. ముప్ఫై అయిదో వారం నడుస్తుండగా ఒక రాత్రి బి.పి. 164/110కి వెళ్లింది. తల పగిలిపోతోందంది. మూర్ఛలు రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించి ఆ రాత్రే ఆపరేషను చేశారు. కిలో తొమ్మిదివందల గ్రాముల ఆడపిల్ల. తొమ్మిది రోజులు గాజుపెట్టెలో ఉండి ఇంటికొచ్చింది.

ఆ పరీక్ష లేకపోతే ఏమయ్యేది? ముప్ఫై ఒకటో వారంలోనే భయపడి చేర్చుకుని, ఇంజక్షన్లు ఇచ్చేసి ఉండేవారేమో. లేదా రెండోసారి ఇంకో రెండు రోజులు చూద్దామని ఇంటికి పంపి ఉండేవారేమో. తెలియదు. మాకు అది ఇచ్చింది మాత్రం మొదటిసారి ధైర్యం, రెండోసారి జాగ్రత్త.

అయితే పెద్దమ్మ సంగతి వేరు. ఆమె బతకడానికి ఎస్‌ఫ్లిట్ అక్కర్లేదు. కాళ్లకి నీరు పట్టినరోజున చేతికి పట్టీ చుట్టి బి.పి. చూసేవాళ్లు ఒకరుండి, మూత్రం వేడిచేసి చూసేవాళ్లు ఒకరుండి, పడవకి బదులు ఆస్పత్రి దగ్గరలో ఉంటే చాలేది. మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే ఈ జబ్బులో మూర్ఛలు వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణులతో చేసిన పరిశోధన 2002లో తేల్చింది. ఆ మందేమో ఎంతో చవక, ఎంతో పాతది. ఈ కొత్త పరీక్ష పెద్ద ఊళ్ల ల్యాబుల్లోనే ఉంటుంది, ఖర్చూ ఎక్కువే. మీ ఊళ్లో లేదని దిగులు పడకండి. బి.పి. చూడకుండా, మూత్రం పరీక్షించకుండా "అంతా బాగానే ఉందమ్మా" అని పంపేస్తే మాత్రం ఊరుకోకండి. కుర్చీలోంచి లేవకుండా, "బి.పి. ఎంతండీ?" అని అడగండి. మొహమాటం ఎందుకు?

ఇంకో మాట కూడా డాక్టరుగారు చెప్పారు. ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లకి మళ్లీ కానుపులో వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటివాళ్లకి పదహారు వారాలు నిండకముందే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. 2017లో వచ్చిన అధ్యయనంలో, ముప్పు ఎక్కువున్నవాళ్లు రాత్రిపూట 150 మిల్లీగ్రాములు వేసుకుంటే, నెలలు నిండకముందే వచ్చే ప్రీ ఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. ఇది డాక్టరు రాస్తేనే వేసుకోవాలి సుమా, తలనొప్పి మాత్రలాగా కొట్లో కొనుక్కుని కాదు. కానుపయ్యాక కూడా ఆరు వారాల దాకా బి.పి. కనిపెట్టుకుని ఉండాలట. మూర్ఛలు కానుపు తర్వాత కూడా రావొచ్చు.

అందుకే అమ్మ ఇంకా హైదరాబాదులోనే ఉంది. మొన్న ఫోను చేస్తే చెల్లి చేతికి తనే పట్టీ చుట్టి, మీట నొక్కి, అంకెలు చదివి క్యాలెండరు మీద తిథుల పక్కన రాస్తోందట. అరవై దాటాక మిషను పట్టడం నేర్చుకుంది.

"ఎంతొచ్చిందమ్మా?" అన్నాను.

"నూట ఇరవై ఎనిమిది, ఎనభై నాలుగు. ఉండు, పిల్ల ఏడుస్తోంది" అని ఫోను పెట్టేసింది.